కంట్లో కండకు సొంత పొర అతుకు: కుట్లా, గ్లూనా, రక్తమా?

బేతంచెర్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల్లో బండల పొడి, అనంతపురం చేలల్లో ఆషాఢం గాలి, వీటి మీద ఎండ. ఈ సీమలో కంట్లో కండ పెరగడం వింతేమీ కాదు. ముక్కు వైపు తెల్లగుడ్డు మీద మొదలై నల్లగుడ్డు మీదికి పాకే ఈ కండనే డాక్టర్లు టెరీజియం అంటారు. దాన్ని తీసేసి, ఆ ఖాళీలో అదే కంటి పై భాగం నుంచి తీసిన పల్చటి పొరను అతికిస్తారు. ఈ సమీక్ష ఏ ఒక్క ఆసుపత్రి గురించీ కాదు. కర్నూలులో చేయించుకున్నా, కడపలో చేయించుకున్నా ఈ ఆపరేషన్‌లో ఏం చూసుకోవాలో చెప్పడానికి.

ఉత్త కోతకు మాత్రం ఒప్పుకోవద్దు. కండ తీసి ఆ చోటును అలాగే వదిలేస్తే నూటికి 24 నుంచి 89 కళ్ళలో మళ్ళీ పెరిగినట్టు వేర్వేరు అధ్యయనాలు చెప్పాయి. 1985లో అమెరికా కంటి డాక్టరు కెన్యన్ బృందం సొంత పొర అతుకు వేసిన 57 కళ్ళలో తిరిగి వచ్చింది మూడింట్లోనే. తర్వాత చేసినవాళ్ళందరికీ అంత మంచి ఫలితాలు రాలేదు. తేడా ఎక్కువగా పొర తీసే చేతిలోనే ఉంది.

ఆ పొర తీయడమే అసలు పని. పై రెప్ప కింద తెల్లగుడ్డు పొరలోకి మత్తుమందు ఎక్కిస్తే అది బుడగలా లేస్తుంది. అప్పుడు మొద్దు మొన కత్తెరతో కింద ఉన్న టీనాన్ అనే మందపాటి పొర నుంచి దాన్ని విడదీయాలి. సరిగ్గా తీసిన పొర కింద కత్తెర మొన స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించలేదంటే టీనాన్ అంటుకుని వచ్చినట్టే. అలాంటి మందపాటి అతుకు తర్వాత ముడుచుకుపోతుంది, అంచులు లేస్తాయి. ఖాళీని కొలిచి, దానికంటే అర నుంచి ఒక మిల్లీమీటరు ఎక్కువ తీయాలి. పై వైపున ముందే ఇంకు చుక్క పెట్టుకోవాలి. తడి పొర చుట్టుకుపోతే పైదేదో కిందదేదో తెలియదు, తలకిందులుగా వేసిన అతుకు బతకదు. నల్లగుడ్డు అంచు నుంచి వచ్చిన వైపు మళ్ళీ నల్లగుడ్డు అంచుకే రావాలి. పొర తీసిన చోటికి కుట్లు అక్కర్లేదు, అది తనంతట తనే మానుతుంది.

ఇక అతుకును నిలబెట్టే పద్ధతులు. కుట్లకు 8-0 విక్రిల్ (తనంతట కరిగిపోయే సన్నటి దారం) గానీ 10-0 నైలాన్ (కరగని, ఇంకా సన్నటి దారం) గానీ వాడతారు. మొదటి వారం ఇసుక పడ్డట్టు గుచ్చుతుంది, నైలాన్ అయితే తీయించుకోవాలి. కానీ కన్ను నలిపే అలవాటున్నవాళ్ళకు ఇదే గట్టి రక్షణ. మా లెక్కలో 5కి 4.

ఫైబ్రిన్ గ్లూ అంటే రక్తం గడ్డకట్టే పద్ధతిలోనే పనిచేసే జిగురు, ఇందులో ఫైబ్రినోజెన్, త్రాంబిన్ అని రెండు మందులుంటాయి. కలిసిన కొన్ని సెకన్లలోనే గడ్డకడతాయి, పొరను సర్దుకోవడానికి అంతే వ్యవధి. నొప్పి తక్కువ, ఆపరేషన్ సమయమూ తక్కువ. కుట్లతో పోలిస్తే కండ తిరిగి రావడం కూడా తక్కువని 2016లో కాక్రేన్ సమీక్ష (వైద్య అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేసే నివేదిక) తేల్చింది, అయితే అతుకు జరగడం, ఊడడం లాంటి ఇబ్బందులు ఎక్కువని కూడా చెప్పింది. ఖర్చు కొన్ని వేలు పెరుగుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాల్సిన కిట్లకు మన ఎండల్లో ఫ్రిజ్ ఆగిపోతే కష్టమే. 4.5 ఇస్తాం, పొర పల్చగా ఉంటేనే. మందపాటి పొరను ఏ గ్లూ కాపాడలేదు.

మూడోది రోగి సొంత రక్తం. కండ తీసిన చోట ఊరిన కొద్దిపాటి రక్తం మీదే పొరను పరిచి, అంచులను అయిదు నుంచి పది నిమిషాలు ఒత్తి పట్టుకుని, 24 గంటలు కట్టు కడతారు. గ్లూ ఖర్చుండదు. రక్తం ఎక్కువ ఊరితే పొర పైకి తేలుతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మరుసటి రోజే చేనికో ఫ్యాక్టరీకో పోవాల్సినవాళ్ళకు ఇది వద్దు. 3.

ఆపరేషన్ తర్వాత అతుకు ఉబ్బి, కింద ఎర్రగా నెత్తురు మరక కనిపిస్తే కంగారు వద్దు, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. నొప్పి పెరిగినా, చీము కనిపించినా, చూపు మసకబారినా అదే రోజు వెళ్ళాలి. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలను ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మెల్లగా తగ్గిస్తూ వాడాలి. ఎర్రదనం పోయిందని పదో రోజుకే ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. పాత చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి కొంటే కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) వచ్చే ప్రమాదం ఉంది. మధ్యలో ప్రెషర్ కొలిపించుకోవాలి. తిరిగి పెరిగేది చాలావరకు మొదటి ఏడాదిలోపే కాబట్టి అప్పటిదాకా చూపించుకుంటూ ఉండాలి, యూవీ అద్దాలు లేకుండా బయటికి వెళ్ళకూడదు.

నీటికాసులు ఉన్నవాళ్ళు పొర తీసేముందే ఆ మాట చెప్పాలి. రేపు ప్రెషర్ ఆపరేషన్ అవసరమైతే పై భాగపు పొరే కావాలి, అందుకని అతుకును కింది వైపు నుంచి తీస్తారు. శుక్లం కూడా ఉంటే సాధారణంగా ముందు కండ తీయించి, నల్లగుడ్డు వంపు కుదురుకున్నాకే లెన్సు కొలతలు తీయించుకోవాలి. కండ ఉన్నప్పుడు తీసిన కొలతతో వేసిన లెన్సుకు నంబరు తప్పుతుంది.