లాప్‌టాప్ డిస్కుకి వెరాక్రిప్ట్ తాళం పెట్టి ఏడాదయ్యింది: నచ్చిందీ, విసిగించిందీ

నాది ఒడిశాలో పర్లాకిమిడి, చిన్న చిన్న కొట్లకి లెక్కలు రాస్తా, జీఎస్టీ రిటర్న్‌లు వేస్తా, అంటే నా లాప్‌టాప్‌లో నావి కన్నా ఊళ్లోవాళ్ల పాన్ కార్డులూ బ్యాంకు స్టేట్‌మెంట్లే ఎక్కువ. పోయినేడు కీబోర్డు పాడైతే ఒక రిపేరు షాపులో ఇచ్చేను, పాస్‌వర్డ్ చెప్పలేదు కాబట్టి ధైర్యంగానే ఉన్నా. తెచ్చుకోడానికి వెళ్తే అక్కడి కుర్రాడు "అన్నా, మీ డేటా మొత్తం కాపీ తీసి పెట్టేను, భయం లేదు" అన్నాడు. పాస్‌వర్డ్ లేకుండా ఎలా తీసేవురా అంటే డిస్కు విప్పి వేరే సిస్టమ్‌కి తగిలించేనన్నా, అందులో ఏటుంది అన్నాడు. వాడు మంచికే చేసేడు గానీ నాకు ఒళ్లు చల్లబడిపోయింది. విండోస్ పాస్‌వర్డ్ వీధి తలుపుకి గొళ్లెం అంతే, పెరటి గోడ దూకితే ఇల్లంతా బార్లా.

ముందు విండోస్ వాళ్లదే బిట్‌లాకర్ పెడదామనుకున్నా, అది డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే డిస్కు విప్పి వేరే దానికి తగిలించినా పాస్‌వర్డో కీయో లేకపోతే చదవడానికి రాకుండా డేటాని మార్చేస్తుంది. నాది విండోస్ హోమ్, అందులో పూర్తి బిట్‌లాకర్ రాదు, ప్రో కొనాలి. హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని దాని చిన్న రూపం ఒకటుంది గానీ నా పాత లాప్‌టాప్‌కి అది కనిపించనే లేదు. అప్పుడు వెరాక్రిప్ట్ పెట్టేను, అదీ డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసేదే. ఫ్రీ, కోడ్ అందరూ చూడొచ్చు. ఇలాంటిదే ట్రూక్రిప్ట్ అని పాతదొకటి ఉండేది, 2014 మేలో దాని వాళ్లు ఉన్నట్టుండి దుకాణం కట్టేసేరు, ఆ కోడ్ మీంచే వచ్చింది ఇది.

పెట్టడం కష్టమేం కాదు. ఎన్‌క్రిప్ట్ చేసే ముందే ఒకసారి రీస్టార్ట్ చేయించి పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో చూసుకుంటుంది, అది నాకు బాగా నచ్చింది. ఏ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి, ఏఈఎస్సా, సర్పెంటా, టూఫిష్షా అని అడుగుతుంది, మూడూ కలిపి కూడా పెట్టుకోవచ్చట, మనకెందుకు ఆ బరువు, అందులోనే స్పీడ్ టెస్ట్ ఉంటే నొక్కి చూసేను, నా ప్రాసెసర్‌లో ఏఈఎస్సే మిగతావాటి కన్నా చాలా ముందుంది, అదే పెట్టేను. పాత తిరిగే డిస్కు, 500 జీబీ, సాయంత్రం మొదలెడితే తెల్లారింది. మధ్యలో కరెంటు పోయింది, బ్యాటరీ కూడా అయిపోయింది, ఇంక డిస్కు గోవిందా అనుకున్నా, ఆన్ చేస్తే ఆగిన దగ్గర్నుంచే మళ్లీ మొదలైంది! ఇప్పుడు నేను లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ స్పీడులో తేడా ఏం తెలీదు.

విసుగు ఎక్కడంటే స్టార్టింగ్‌లో. పాస్‌వర్డ్ కొట్టేక కాసేపు ఆలోచిస్తుంది, ఒక్క అక్షరం తప్పితే మళ్లీ అంతసేపూ. ఆ స్క్రీన్‌లో తెలుగూ ఒడియా ఏవీ నడవవు, ఇంగ్లీషు కీబోర్డే, అందుకని మా అమ్మమ్మ తిట్టే తిట్టొకటి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేను, ఇరవై అక్షరాలు దాటింది, జన్మలో మర్చిపోను. పెద్ద విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చినప్పుడు స్టార్ట్ అవ్వక, ఇలాంటప్పటికని వెరాక్రిప్ట్ ముందే తయారు చేయించే రెస్క్యూ డిస్క్ పెన్‌డ్రైవ్ పెట్టి బాగుచేసుకున్నా, అది తయారు చేసుకోకుండా మొదలెట్టకండి. అయితే పాస్‌వర్డే మర్చిపోతే ఆ పెన్‌డ్రైవ్ కూడా ఏం చెయ్యలేదు. ఇంకోటి, స్లీప్‌లో ఉంటే తాళంచెవి మెమరీలోనే ఉంటుంది, రిపేరుకి ఇచ్చేటప్పుడు పూర్తిగా షట్‌డౌన్ చెయ్యాలి.

మా ఆవిడ కొత్త లాప్‌టాప్‌కి ఇది పెట్టలేదు. అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయ్యే వచ్చింది, ఆవిడకి తెలీనే తెలీదు. ఎప్పుడైనా తెరుచుకోకపోతే కొట్టాల్సిన 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటే తీసి ప్రింట్ కొట్టేను. కంప్యూటర్‌తో పెద్దగా కుస్తీ పట్టని వాళ్లకి అదే సుఖం.

2018లో తిత్లీ తుఫానుకి మా ఇంట్లో బీరువా కాగితాలన్నీ తడిసి ముద్దయ్యేయి, అందుకని ఆ ప్రింటూ, నా పెన్‌డ్రైవ్ కాపీ ఒకటీ విశాఖలో మా చెల్లి దగ్గర పెట్టేను. పాస్‌వర్డ్ మాత్రం దానికి రాసివ్వలేదు, అమ్మమ్మ తిట్లు దానికీ వచ్చు.