ఇంట్లో ఆఫీసు గదికి ట్యాక్స్ వెనక్కి ఇప్పిస్తామంటే జాగ్రత్త: అనంతపురంలో నాకు తగిలిన దెబ్బ

అనంతపురంలో కూర్చుని బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేనూ అందులో ఒకణ్ని. మనలాంటివాళ్లను చూసే ఊళ్లో ఒక కొత్త వ్యాపారం పుట్టింది. "ఇంట్లో ఆఫీసు గది ఉందా? కట్టిన ట్యాక్స్ వెనక్కి ఇప్పిస్తాం, డబ్బు పడ్డాకే కమీషన్" అంటారు. నేను అందులో పడ్డాను. 43,680 రూపాయలు వచ్చాయని సంబరపడ్డాను, ఏడాది తిరిగేసరికి అంతకంటే చాలా ఎక్కువ కట్టాను. ఆ పని చేసిపెట్టిన ఏజెంటు పేరు, అంగడి పేరు రాయను. రాస్తే జనం ఆ ఒక్క అంగడి మెట్లు ఎక్కడం మానేసి పక్క అంగడి మెట్లు ఎక్కుతారు, అంతే తేడా.

సంగతి 2024 జులైలో మొదలైంది. రిటర్న్ వేయడానికి నెలాఖరు గడువు. ఫారం 16 (నా జీతం, అందులో కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం) చేతికొచ్చింది, నేనే వేసుకుందామనుకుంటూ రోజులు నెట్టేస్తున్నాను. జిమ్‌లో పరిచయమైన ఒకాయన "మా వాడున్నాడు, పోయినేడు నాకు ముప్పై వేలు ఇప్పించినాడు" అన్నాడు. కోర్టు రోడ్డు వైపు ఒక జిరాక్స్ అంగడి, దాని మీద చిన్న గది, రెండు కంప్యూటర్లు, గోడకు దేవుడి క్యాలెండరు. అక్కడి మనిషి అడిగిన మొదటి ప్రశ్న నా జీతం గురించి కాదు. "మీరు పనిచేసే రూము ఎంతుంటుందన్నా?" అన్నాడు.

పన్నెండు బై పది అన్నాను. చించిన క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి లెక్క రాశాడు. రూము అద్దె 6,000. కరెంటు 2,500. నెట్ 1,000. కుర్చీ, బల్ల, ఇన్వర్టర్ అరుగుదల 2,000. టీ, కాఫీ, ఇతరాలు 1,000. నెలకు 12,500, ఏడాదికి 1,50,000. కింద రెండు గీతలు కొట్టి నా వైపు జరిపాడు.

"ఇల్లు నాదే కదప్పా, లోన్ కూడా కడుతున్నాను. అద్దె ఎవరికిస్తున్నట్టు?" అని అడిగాను.

"మీకు మీరే. రూము కంపెనీ వాడుకుంటోంది, అద్దె ఇయ్యట్లేదు. ఆ లాసు గవర్నమెంటు కాడ తీసుకోవాల కదా."

ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆ రోజు మాత్రం ఎంత న్యాయంగా వినబడిందో! పైగా ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. అమెరికాలో ఉన్న తెలుగాయన ఎవరో హోమ్ ఆఫీస్ డిడక్షన్, అంటే ఇంట్లో ఆఫీసు గదికి ఇచ్చే పన్ను మినహాయింపు గురించి చక్కగా వివరిస్తున్నాడు. చదరపు అడుగుకు 5 డాలర్లు, 300 చదరపు అడుగుల దాకా, అంటే ఆదాయంలో 1,500 డాలర్లు తగ్గించుకోవచ్చని. అబద్ధం కాదు, అక్కడ ఆ పద్ధతి నిజంగానే ఉంది. కాకపోతే సొంతంగా పని చేసుకునేవాళ్లకు. డాలస్‌లో ఉద్యోగం చేసే మా పెదనాన్న కొడుకును తర్వాత అడిగితే, "జీతం తీసుకునేవాళ్లకు ఇక్కడ 2018 నుంచే తీసేశారు, నేనూ ఇంట్లోంచే చేస్తున్నా, ఒక్క డాలరు రాదు" అన్నాడు. అమెరికాలోనే లేనిది అనంతపురంలో నాకు వస్తుందని నమ్మాను.

నన్ను మోసం చేశాడని మొత్తం అతని మీదే వేయను. ఎక్కడో తేడాగా ఉందని తెలుసు. ముప్పై వేలొచ్చిన మనిషి కళ్లముందు తిరుగుతుంటే నోరు మూసుకున్నాను.

ఆదివారం పొద్దున బండి దగ్గర ఉగ్గాని బజ్జి పార్సిల్ కోసం నిలబడి ఉంటే ఫోన్ చేశాడు. "అన్నా, ఆధార్ ఓటీపీ వచ్చింటుంది చూడు." చూశాను, ఆరంకెలు చదివాను. ఆ ఆరంకెలే నా సంతకం. రిటర్న్‌లో రాసిందంతా నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేసి ఒప్పుకున్నట్టు. బజ్జీలు చల్లారకముందే పని అయిపోయింది. మూడు వారాలకు రీఫండ్ పడింది, 20 శాతం కమీషన్ కింద 8,700 పంపాను. అంతటితో ఆగలేదు, ఆఫీసులో ఇద్దరికి అతని నంబరు ఇచ్చాను. ఇది మాత్రం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

2025 జులై 14న వార్త వచ్చింది. దొంగ మినహాయింపులతో రిటర్నులు వేయించే ఏజెంట్ల మీద ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది. అప్పటికి నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తామే రిటర్నులు సరిచేసుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా శాఖ చెప్పింది. అందులో ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ ఏజెంట్లు రిటర్నులు వేయడానికే తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టిస్తారట, తర్వాత వాటిని వదిలేస్తారట, నోటీసులు వచ్చినా చూసేవాడుండడట.

రాత్రి పదకొండింటికి పోర్టల్ తెరిచాను. నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. ఆధార్ ఓటీపీతో మార్చుకుని లోపలికి వెళ్లి ప్రొఫైల్ చూస్తే, నా పేరు కింద ఉన్న ఈమెయిల్ నాది కాదు. నా పాన్‌లోని మొదటి అక్షరాలు, చివర 24, ఎవరో లెక్క కోసం పెట్టుకున్న గుర్తులా ఉంది. శాఖ నుంచి వచ్చిన "మీ క్లెయిములు ఒకసారి సరిచూసుకోండి" అనే మెయిల్ ఆ పాడుబడ్డ డబ్బాలోకి వెళ్లి ఉండాలి.

నా రిటర్న్ నేను మొదటిసారి చదివింది ఆ రాత్రే. హోమ్ ఆఫీస్ అనే మాట అందులో ఎక్కడా లేదు. గది, కుర్చీ, ఇన్వర్టర్, టీ కాఫీలు అన్నీ మాయం. ఆ లక్షన్నరను సెక్షన్ 10(14) కింద పెట్టాడు. అంటే ఉద్యోగ విధుల ఖర్చు కోసం కంపెనీ నాకు ప్రత్యేకంగా అలవెన్సు ఇచ్చింది, నేనది ఆ పనికే ఖర్చు పెట్టాను అని అర్థం. నా ఫారం 16లో అలాంటి అలవెన్సు పది రూపాయలు కూడా లేదు. దాని కింద సెక్షన్ 80జీజీసీ, రాజకీయ పార్టీకి విరాళం 60,000! ఇది నాకు చెప్పను కూడా లేదు. గణపతి పందిరి చందాకే 500 అంటే బేరమాడే నేను పార్టీకి అరవై వేలు ఇచ్చానట, ట్రాన్సాక్షన్ నంబరు కూడా ఏదో కొట్టాడు. లెక్క అప్పుడు అర్థమైంది. నాది 20 శాతం శ్లాబు, సెస్సుతో కలిపి నూటికి 20.80. లక్షన్నర మీద 31,200, అరవై వేల మీద 12,480. కమీషన్ పెరగడానికి విరాళం కలిపాడు.

పొద్దున్నే వెళ్లి అడిగాను. మనిషి పారిపోలేదు, అక్కడే ఉన్నాడు, టీ కూడా చెప్పాడు. "మీరే కదన్నా ఓటీపీ చెప్పింది" అన్నాడు. కోపం వచ్చింది గానీ ఎదురు మాట రాలేదు.

టవర్ క్లాక్ దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. కాగితాలు చూసి మొదట నవ్వారు. "ఈ ఇంటి లోన్ వడ్డీ రెండు లక్షలు తగ్గించుకున్నావు, మళ్లీ అదే ఇంట్లో గదికి నీకు నువ్వే అద్దె కట్టుకున్నావా నాయనా?" అన్నారు. ఆయన చెప్పినది నాకు అర్థమైనంత రాస్తాను, నాకు పనికొచ్చిన భాగం ఇదే.

జీతం మీద బతికేవాడికి మన చట్టంలో హోమ్ ఆఫీస్ మినహాయింపు లేనే లేదు. కోవిడ్‌లో దేశమంతా ఇళ్లలోంచి పనిచేసినప్పుడు కూడా ఇవ్వలేదు, అడిగినవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఉద్యోగి ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చేది స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే. 2018 బడ్జెట్‌లో 40,000గా తిరిగి తెచ్చారు, మరుసటి ఏడాది 50,000 చేశారు, 2024-25 నుంచి కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) 75,000. బిల్లులు అక్కర్లేదు, గది కొలతలు అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉంటే పాత విధానంలో హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద మినహాయింపు ఉంది, అది కూడా కాపురముండే ఇంటి అద్దెకే గానీ ఆఫీసు గదికి కాదు.

అయితే ఇంటి నుంచి పనిచేసేవాడికి సక్రమంగా మిగిలే దారి ఒకటుంది, ఎవరూ దాని గురించి ప్రచారం చేయరు, కమీషన్ రాదు కాబట్టి. నెట్, ఫోన్ బిల్లులు కంపెనీయే చెల్లించినా, బిల్లు పెడితే తిరిగిచ్చినా ఆ మొత్తం మీద ట్యాక్స్ పడదు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ వాడుకున్నా పడదు. (కుర్చీ, బల్ల ఇచ్చి ఇంట్లో వాడుకోమంటే మాత్రం ఖరీదులో ఏడాదికి 10 శాతం జీతంలో కలుపుతారు, ఇదొక విచిత్రం.) నేను హెచ్ఆర్‌కు ఒక్క మెయిల్ పెడితే నెలకు వెయ్యి నెట్ బిల్లు ఇప్పుడు తిరిగిస్తున్నారు. మూడేళ్లుగా అడగనేలేదు.

ఇంటి గదిని ఖర్చుగా చూపించే హక్కు నిజంగా ఉన్నది సొంత వృత్తి చేసుకునేవాళ్లకు. కర్నూలులో నా స్నేహితుడు సివిల్ ఇంజనీరు, ఇంట్లోనే కూర్చుని డ్రాయింగులు వేసి ఇస్తాడు. అతను సెక్షన్ 44ఏడీఏ కింద రిటర్న్ వేస్తాడు. వచ్చిన ఫీజుల్లో సగం ఆదాయం అనుకుంటారు, మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే. ఏడాదికి 50 లక్షల దాకా, నగదుగా తీసుకున్నది 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా ఇది పనికొస్తుంది. గది, కరెంటు, కంప్యూటరు అన్నీ ఆ సగంలోనే, దాని మీద మళ్లీ విడిగా తీయడానికి లేదు. అలా కాదు, అసలు ఖర్చులే చూపిస్తానంటే లెక్కల పుస్తకాలు రాయాలి. అప్పుడు అద్దె ఇంట్లో వృత్తికి వాడే భాగం మేరకు అద్దె, కంప్యూటరు మీద 40 శాతం, ఫర్నిచర్ మీద 10 శాతం తరుగుదల వస్తాయి. సొంత ఇల్లయితే రిపేర్లు, ఇంటి పన్ను, ఇన్సూరెన్సులో ఆ గది వాటా వస్తుంది గానీ అద్దె రాదు. చూశారా, నిజంగా హక్కున్నవాడికి కూడా తనకు తాను అద్దె కట్టుకునే వీలు లేదు.

ఇక నా సంగతి. సరిచేసుకోకుండా కూర్చుని పట్టుబడితే సెక్షన్ 270ఏ ఉంది. ఆదాయం తక్కువ చూపించారంటే ఎగ్గొట్టిన పన్నులో 50 శాతం జరిమానా, తప్పుడు వివరాలిచ్చారంటే 200 శాతం. ఆధారం చూపలేని ఖర్చు రాయడం రెండో కోవలోకి వస్తుంది. నాకైతే 87,360, అసలు పన్నూ వడ్డీ కాక. అది ఏజెంటుకు వేయరు, సంతకం నాది.

అందుకే ఆడిటర్ గారు ఐటీఆర్-యు, అంటే పాత రిటర్న్‌లోని తప్పును మనమే సరిచేసుకుంటూ వేసే రిటర్న్ వేయించారు. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం) ముగిసిన ఏడాదిలోపు వేస్తే, కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద ఇంకో 25 శాతం అదనం. రెండో ఏడాదిలో 50 శాతం, మూడులో 60, నాలుగులో 70. ఆ తర్వాత దారే లేదు. మధ్యలో స్క్రూటినీ, అంటే ఆ రిటర్న్ మీద శాఖ పరిశీలన మొదలైనా మూసుకుపోతుంది. ఆడిటర్ ఫీజుతో కలిపి నాకు 60 వేలు దాటింది. ఏజెంటుకిచ్చిన 8,700 ఎటూ పోయినట్టే.

నంబరిచ్చిన ఆ ఇద్దరికీ ఫోన్ చేయడం డబ్బు కట్టడం కంటే కష్టమైంది. ఒకతను తిట్టాడు, తిట్టి మరుసటి వారమే ఐటీఆర్-యు వేశాడు. అతని రిటర్న్‌లో తల్లికి పెద్ద జబ్బని 80డీడీబీ (కొన్ని పెద్ద జబ్బుల చికిత్స ఖర్చుకు మినహాయింపు) పెట్టారు. ఆమె ప్రొద్దుటూరులో నిక్షేపంగా ఉన్నారు. రెండో అతను "నాకు మెయిలేమీ రాలేదు కదా" అంటున్నాడు. వచ్చిందో లేదో అతనికి ఎలా తెలుస్తుంది? ప్రొఫైల్ తెరిచి అక్కడున్న ఈమెయిల్ ఎవరిదో చూడమన్నాను, ఇంకా చూడలేదు. 2024లో వేసిన రిటర్నులను 25 శాతం అదనంతో సరిచేసుకునే గడువు 2026 మార్చి 31 వరకే. రీఫండ్‌లో వాటా అడిగే మనిషికి మీరూ ఓటీపీ చెప్పి ఉంటే ముందు ఆ రిటర్న్ డౌన్‌లోడ్ చేసి, ఫారం 16 పక్కన పెట్టుకుని వరస వరసగా చదవండి. ఫారంలో లేని అంకె రిటర్న్‌లో ఎక్కడ కనబడినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో మీరే చెప్పుకోవాల్సి వస్తుంది.