పండ్ల సాస్ కోసం సన్నని స్టీలు జాలీ వడపోత: ఏడాది వాడిన తర్వాత

ఐస్‌క్రీమ్ మీద, చీజ్‌కేక్ మీద పోసుకునే పండ్ల సాస్‌ను ఇంట్లో చేసుకునేవారికి అన్నిటికన్నా విసుగు తెప్పించేది పంటి కింద పడే గింజ. రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ గింజలు ఎంతసేపు ఉడికించినా మెత్తబడవు. ఆ ఇబ్బంది తీరుతుందన్న ఆశతో 20 సెంటీమీటర్ల వెడల్పు, గుండ్రని అడుగు, పొడవాటి పిడి ఉన్న సన్నని స్టీలు జాలీ వడపోతను కొని, ఏడాదిగా వాడుతున్నాను.

అంతకుముందు ఉడికిన పండ్లను నేరుగా మిక్సీలో వేసి తిప్పేదాన్ని. మిక్సీ బ్లేడు గుజ్జుతో పాటు గింజలను కూడా పగలగొడుతుంది; అలా పగిలిన గింజల వగరూ చేదూ పంచదార ఎంత వేసినా పూర్తిగా పోవు. పైగా గాలి చొరబడి నురగ కట్టడం వల్ల నిండైన ఎరుపు కాస్తా పాలిపోతుంది. ఈ వడపోతలో పోసి గరిటె వెనుక భాగంతో రుద్దితే గింజ చెక్కుచెదరకుండా పైన మిగిలిపోయి, గుజ్జు మాత్రమే కిందికి దిగుతుంది. ఆ సాస్‌కు ఉండే మెరుపు మిక్సీలో తిప్పినదానికి నాకు ఎన్నడూ రాలేదు.

నేను 500 గ్రాముల పండ్లకు 100 గ్రాముల పంచదార, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం వేస్తాను. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన పండ్లయితే లోపలి మంచు పలుకులు కణాలను ముందే చీల్చి ఉంచుతాయి కనుక, నీళ్లు పోయకుండానే రసం ఊరుతుంది. పండ్లు పూర్తిగా చితికిపోయేదాకా మధ్యస్థపు సెగ మీద ఉడికించి, వేడి తగ్గకముందే వడకట్టాలి. చల్లారితే పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం వల్ల గుజ్జు బిగుసుకుని జాలీని వదలదు. అన్నిటికన్నా చిక్కని గుజ్జు జాలీ బయటి వైపున, అడుగున వేలాడుతూ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే కడిగేస్తారు. మరో శుభ్రమైన చెంచాతో దాన్ని గీకి గిన్నెలో కలిపినప్పుడే సాస్‌కు అసలైన చిక్కదనం వస్తుంది. పైన మిగిలిన పిప్పి పొడిపొడిగా ఉండాలి; తడిగా ఉంటే ఇంకా రుద్దాలని అర్థం.

ఇంకా చిక్కదనం కావాలనుకుంటే టీస్పూన్ కార్న్‌ఫ్లోర్‌ను చన్నీళ్లలో కలిపి, వడకట్టిన తర్వాతే పోసి, ముడిపిండి రుచి పోయేలా ఒక నిమిషం కుతకుతలాడనివ్వాలి. ఒకసారి తొందరపడి వడకట్టకముందే కలిపాను. కన్నాలన్నీ జిగురుతో మూసుకుపోయి, సగం సాస్ పైనే నిలిచిపోయింది. ఆ తప్పు నాదే, వడపోతది కాదు.

దీనిలో లోపాలూ ఉన్నాయి. జాలీని అంచు పట్టీలోకి మడిచిన చోట సన్నని సందు ఉంది. అందులో ఇరుక్కున్న గింజలు ఆరితే పాత బ్రష్షుతో తోమినా రావు కాబట్టి, పని ముగిసిన వెంటనే వెనుక వైపు నుంచి నీటిధార పట్టాలి. అంతకన్నా పెద్ద లోపం పిడి అతుకు. గట్టిగా నొక్కి రుద్దే పనికి అది చాలదు; ఏడో నెలలో నా వడపోత పిడి కొద్దిగా వంగింది. ఎదురు వైపున్న కొక్కెం గిన్నె అంచు మీద ఆనుతుంది కనుక పని సాగుతోంది. స్ట్రాబెర్రీ గింజలు కూడా ఒకటీ అరా కిందికి జారిపోతాయి, అయితే అవి నోటికి తగలవు. పీచున్న మామిడి గుజ్జుకు మాత్రం ఇది ఎంతో బాగా పనిచేసింది. పీచంతా పైన జడలా మిగిలింది.

పులుపు తగిలినా స్టీలుకు రంగు మారలేదు, సాస్‌కు లోహపు రుచీ అంటలేదు. నా దగ్గరున్న పాత అల్యూమినియం వడపోతతో ఆ రెండు ఇబ్బందులూ పడ్డాను. కొనదలచినవారు గుండ్రని అడుగున్నదాన్నే ఎంచుకుని, పిడి అతుకును బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకోవాలి. అక్కడ కదలిక కనిపిస్తే ఆ వడపోత వద్దు.