ఉచిత డాక్యుమెంటరీ ప్రదర్శన: హాల్లోనా, పేటలోనా?

విశాఖలో డాక్యుమెంటరీని ఉచితంగా ప్రదర్శించి, ఆపై ప్రేక్షకులతో చర్చ జరపడానికి ద్వారకానగర్ వంటి చోట ఒక హాలు సౌకర్యంగానే ఉంటుంది. వాన పడినా ప్రదర్శన ఆగదు. కానీ అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది మైకు పట్టడం అలవాటైనవారే.

సముద్రపు ఒడ్డున మత్స్యకారులుండే పెదజాలరిపేటలో ఆరుబయట తెర కడితే పొద్దు గుంకేదాకా ఆగాలి, సముద్రపు గాలికి తెర తెరచాపలా ఉబ్బకుండా నాలుగు మూలలా తాళ్లు బిగించాలి, అలల హోరును మించే స్పీకర్లు తేవాలి. అయినా సముద్రం గురించిన చిత్రమైతే నేను పేటవైపే మొగ్గుతాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఆ రోజుల్లో వేటకు వెళ్లేవారూ చాలావరకు ఇంటిపట్టునే ఉంటారు. గంటలోపు ముగిసే చిత్రాన్ని ఎంచుకుని, మైకును ముందుగా చేపలమ్మే ఆడవారికి అందిస్తే, తీరం కోత గురించీ చేపల ధర గురించీ తెరమీదికి రానిదంతా వారే చెబుతారు.