పొద్దుగూకితే నాయిన అరుస్తుంటే: మాత్ర వేయడం మేలా, కారణం వెతకడం మేలా?

డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ముదిరాక మా నాయిన పొద్దుగూకితే చాలు, "నన్ను ఇంటికి తీసుకపోండి" అని లేచి నిలబడేవాడు. ఆయన ఉన్నది మర్రిగూడ దగ్గర తాను కట్టుకున్న ఇంట్లోనే. అంగీ మార్చబోతే కొట్టడానికి చెయ్యెత్తేవాడు. రాత్రిళ్లు ఎవరికీ నిద్ర లేదు.

రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ లాంటి, తీవ్ర మానసిక జబ్బులకు వాడే మాత్రలతో కొందరిలో కోపం, కొట్టడం తగ్గుతాయి. అందుకే మేమూ ముందు వాటివైపే చూశాం. కానీ 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 17 పరిశోధనలను కలిపి చూసి గట్టి హెచ్చరిక చేసింది. సుమారు పది వారాల్లో, ఈ మాత్రలు వాడిన డిమెన్షియా వృద్ధుల్లో 4.5 శాతం, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 2.6 శాతం చనిపోయారు. గుండె జబ్బు, న్యుమోనియా లాంటివే ఎక్కువగా కారణం. 2008లో హాలోపెరిడాల్ వంటి పాత మందులకూ అదే హెచ్చరిక పెట్టారు. లూయీ బాడీ రకం డిమెన్షియా ఉంటే మరీ ప్రమాదం. లేని మనుషులు కనబడటం, నడక బిగుసుకుపోవడం దాని గుర్తులు; అవి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

నార్వేలో వృద్ధాశ్రమాల్లోని 352 మందిపై 2011లో వచ్చిన పరిశోధన నన్ను ఆలోచనలో పడేసింది. క్రమపద్ధతిలో నొప్పికి వైద్యం చేస్తే, చాలామందికి పారాసెటమాలే ఇచ్చినా, ఎనిమిది వారాల్లో అలజడి 17 శాతం తగ్గింది. మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరు. నాయినకు నడుము, మోకాళ్లు, భుజాలు ఎప్పుడో బిగుసుకున్నాయి. నొప్పి అని చెప్పే మాట ఆయన దగ్గర మిగల్లేదు, అంతే. అంగీ తొడగడానికి భుజం లేపినప్పుడే చెయ్యెత్తేవాడని అప్పుడు గమనించాం. డాక్టరు చెప్పిన మోతాదులో వేళకు పారాసెటమాల్, ముందు గుండీలున్న అంగీ, చీకటి పడకముందే లైటు. వారం పది రోజుల్లో చెయ్యెత్తడం చాలా తగ్గింది. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, సరిగా వినబడకపోవడం కూడా ఇలాగే మనిషిని కుదురుగా ఉండనివ్వవు.

దీనికి ఇంట్లో ఒక మనిషి కావాలి. కొడుకులు పుణె, ముంబైకి పనికి పోయిన పాలమూరు ఇళ్లలో ముసలామె ఒక్కతే ముసలాయన్ను చూసుకుంటుంది. ఆమె మాత్ర అడిగితే తప్పు పట్టలేను.

నా మాట మాత్రం ఇదే: ముందు నొప్పిని వెతకండి. తనకో ఇతరులకో దెబ్బ తగిలేలా ఉంటే, భయంతో వణికిపోతుంటే అప్పుడు మాత్ర, అదీ తక్కువ మోతాదుతో. ఎప్పుడు తగ్గిస్తారో మొదటి రోజే డాక్టరును అడగండి. సొంతంగా ఆపొద్దు. మాత్రతో కుదుటపడినవాళ్లలో కొందరికి ఆపగానే అలజడి తిరగబెడుతుందని 2012 నాటి పరిశోధన చూపింది.

ఇంట్లో స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు ఇవే మాత్రలు వాడుతున్నవాళ్లుంటే, ఇది చదివి మానేయకండి. వాళ్లకు అవి జబ్బు తిరగబెట్టకుండా కాపాడే మందు. అనుమానం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.