పిల్లి ఉన్న ఇంటికి లిల్లీ కొంటున్నారా? ఏ లిల్లీయో ముందు తేల్చుకోండి

చలికాలం వస్తే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నర్సరీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఆసియాటిక్ లిల్లీ, ఓరియంటల్ లిల్లీ గడ్డలు, మొగ్గ మీదున్న కుండీలు కనిపిస్తాయి. ‘‘ఇంట్లో పిల్లి ఉంది, పర్లేదా?’’ అని అడిగితే కొన్నిచోట్ల ‘‘లిల్లీనే కదమ్మా, ఏం కాదు, అందరూ తీసకపోతా ఉండారు’’ అని కవర్లో పెట్టి ఇచ్చేస్తున్నారు. ఆ మాట మీద కొనొద్దు. ఈ మొక్క కుక్క కొరికితే మామూలుగా వాంతులతో సరిపోతుంది. పిల్లి కొరికితే కిడ్నీలు పోతాయి.

అమ్మేవాళ్లందరూ కావాలని అబద్ధం చెప్తున్నారనుకోనక్కర్లేదు. చిక్కంతా పేరులో ఉంది. మన పూలకొట్లో లిల్లీ అంటే దండల్లో కట్టే రజనీగంధ. అది కిత్తనార కుటుంబానిది, అసలు లిల్లీకి దానితో చుట్టరికం లేదు. నీడలో పెంచే పీస్ లిల్లీ చేమ కుటుంబం. చేమాకు పచ్చిగా నమిలితే నోరెట్టా దురద పెడుతుందో, పీస్ లిల్లీ కొరికిన పిల్లికీ అంతే: కాల్షియం ఆక్సలేట్ సూదులు గుచ్చుకుని నోరు మండుతుంది, చొంగ కారుతుంది, తిండి మానేస్తుంది. ప్రాణం మీదికి రావడం అరుదు. పీస్ లిల్లీ కొన్నవాళ్లు ఏమీ కాలేదని చెప్పిందే, అమ్మేవాళ్లు లిల్లీలన్నిటికీ అంటగడుతున్నారు. రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, వీటి గడ్డల్లో ఉండే విషానికి వాంతులు, విరేచనాలు అవుతాయి. గ్లోరియోసా లిల్లీ పేరుతో అమ్మేది మన కంచెల్లో పాకే అడవినాభి. దాంట్లో ఉండే కొల్చిసిన్ పిల్లినే కాదు, మనిషినీ చంపుతుంది.

పిల్లి కిడ్నీలను చంపేవి రెండు జాతులు: లిలియం, హెమెరోకాలిస్. ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీలు లిలియంలోవే, రెండోదాన్ని డే లిల్లీ అంటారు.

కొనేటప్పుడు గడ్డ చేతిలోకి తీసుకుని చూడండి. లిలియం గడ్డకి ఉల్లిపాయలాగా పైపొర ఉండదు. తెల్లటి రేకులు విడివిడిగా, పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బల్లా ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి. మొక్కయితే ఒకే నిలువు కాడ, దాని పొడుగునా ఆకులు. పూవుకి ఆరు రెక్కలు, మధ్యలో ఆరు కేసరాలు, వాటి కొసల్లో ఇటుకరంగు పొడి. డే లిల్లీకి ఆకులన్నీ మొక్క మొదలు దగ్గరే గడ్డిలా విచ్చుకుంటాయి, పూకాడ మీద ఆకులుండవు, ఒక్కో పువ్వూ ఒక్కరోజే ఉంటుంది. ‘మిక్స్‌డ్ లిల్లీ’ అని రాసిన ప్యాకెట్ జోలికే పోవద్దు. శాస్త్రీయ నామం అడిగి బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే వదిలేయండి. అయినా మన ఎండలకి లిలియం ఒక చలికాలం పూసి, మరుసటేడు గడ్డే మిగలని సందర్భాలే ఎక్కువ. ఆ డబ్బుకి నాలుగు గులాబీ అంట్లు వస్తాయి, వాటితో పిల్లికి ఉండే గొడవ ముళ్లదే.

బొకేల సంగతీ ఇదే. పుట్టినరోజుకి వచ్చిన బొకేలో ఒక్క ఓరియంటల్ లిల్లీ ఉన్నా చాలు. ఆకు, రెక్క, కాడ, పుప్పొడి, చివరికి కూజాలో నీళ్లు కూడా విషమే. పిల్లి కొరకనక్కర్లేదు: పూవు కింద నుంచి పోతే వీపు మీద ఆ ఇటుకరంగు పొడి రాలుతుంది, అది కూర్చుని ఒళ్లు నాక్కుంటుంది, పొడి కడుపులోకి పోతుంది. కేసరాలు కత్తిరించేసి ఇస్తామంటారు, దానివల్ల పొడి తప్పుతుందేగాని ఆకు మిగిలే ఉందిగా. ఎత్తులో పెట్టడం కూడా పిల్లి ముందు పనికొచ్చే ఉపాయం కాదు.

ముట్టుకుందని అనుమానం వస్తే వాంతి కోసం ఎదురుచూడొద్దు. మొదటి పన్నెండు గంటల్లో వాంతులు, చొంగ, మందకొడితనం కనిపిస్తాయి. తర్వాత వాంతులు ఆగిపోయి తేరుకున్నట్టు ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆ సమయంలోనే లోపల కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ మూత్రం పోసి, ఆ తర్వాత మూత్రమే ఆగిపోతుంది. 24 నుంచి 72 గంటల్లో కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న 18 గంటల్లోపు సెలైన్ మొదలుపెట్టి 48 నుంచి 72 గంటలు ఆపకుండా ఎక్కిస్తే బతికే అవకాశం బాగుంటుంది.

ఇంట్లో ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కక్కించొద్దు, అది డాక్టరు చేయాల్సిన పని. పాలు పట్టినా విషం విరగదు. పారాసిటమాల్ అయితే అసలొద్దు, ఒక్క మాత్రే పిల్లిని చంపగలదు. ఒంటి మీద పొడి ఉంటే నాకనివ్వకుండా తడిగుడ్డతో తుడిచి, గోరువెచ్చని నీళ్లతో కడిగి తీసుకెళ్లండి. మండల పశువుల ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, పిల్లికి క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్న గొట్టం) పెట్టి సెలైన్ ఎక్కించే వసతి ఉందా, రాత్రి ఎవరైనా ఉంటారా అని కనుక్కోండి. అక్కడ లేకపోతే నెల్లూరు వాళ్లకి తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, ఒంగోలు వాళ్లకి గన్నవరం కాలేజీ దారి. కాలేజీ దూరం కాబట్టి, దగ్గర్లో సెలైన్ పెట్టించుకునే బయల్దేరితే ఆ గంటలు వృథా కావు. కొరికిన ఆకు ముక్కో పువ్వో కవర్లో వేసుకుని, ఎన్నింటికి తిందో కాగితం మీద రాసుకుని పోండి. లిల్లీ అని మాత్రం చెప్తే డాక్టరుకీ రజనీగంధే గుర్తొచ్చే ప్రమాదం ఉంది. లిలియం అని చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా రక్తపరీక్ష వెళ్లగానే ఒకసారి, 24 గంటలకి, 48 గంటలకి మళ్లీ చేయించమని అడగండి. మొదటిది మామూలుగా వచ్చిందని సెలైన్ ఆపించి ఇంటికి తెచ్చుకోవద్దు. అంత తొందరగా అది పెరగదు.