బ్లెయిర్ కోటలో మే చివరి వారాంతం: అథోల్ హైలాండర్ల పరేడ్‌కు వెళ్ళేవారికి

స్కాట్లాండ్ వెళ్ళి కిల్టు (నడుముకు చుట్టి మోకాళ్ళదాకా వేలాడే గళ్ళ ఉన్నివస్త్రం) కట్టిన సైనికుల్ని చూడాలనుకునే మనవాళ్ళు ఎక్కువగా ఆగస్టులో ఎడిన్‌బరో టాటూ అనే సైనిక బ్యాండ్ల ప్రదర్శనకి టికెట్లు కొంటారు. అది గొప్పదే. కానీ గ్యాలరీలో కూర్చుంటే దుస్తుల పనితనం కనపడదు. దాన్ని దగ్గర్నుంచి చూడాలంటే మే చివరి వారాంతంలో పెర్త్‌షైర్‌లోని బ్లెయిర్ కోటకు వెళ్ళాలి. అథోల్ డ్యూక్ సొంత దళం అథోల్ హైలాండర్స్ శనివారం కోట ముందు పరేడ్ చేస్తుంది. ఆదివారం హైలాండ్ ఆటల పోటీలు ఉంటాయి.

ఐరోపాలో చట్టబద్ధంగా మిగిలిన ఏకైక ప్రైవేటు సైన్యంగా దీనికి పేరు. 1839లో పుట్టింది. 1844లో విక్టోరియా రాణి ఈ కోటలో బస చేసినప్పుడు కాపలా కాసింది వీళ్ళే. మరుసటి ఏడాది ఆమె పతాకాలు బహూకరించారు. మధ్యలో పరేడ్లు ఆగిపోతే 1966లో పదో డ్యూక్ మళ్ళీ మొదలుపెట్టారు. ఇందులో చేరాలంటే డ్యూక్ పిలవాలి, జీతం ఉండదు. ఎస్టేటులో పనిచేసేవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వరుసల్లో నిలబడతారు. ఇప్పటి డ్యూక్ ఉండేది దక్షిణాఫ్రికాలో. దళాన్ని తనిఖీ చేయడానికి అక్కణ్ణుంచి వస్తారు. ఇదే పేరుతో అంతకుముందు 1777లో ఏర్పడిన బ్రిటిష్ సైన్యపు 77వ రెజిమెంటు వేరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసేదాకానే అనే షరతుతో చేరిన ఆ సైనికులు, 1783లో ఓడెక్కి ఇండియాకు పొమ్మంటే పోర్ట్స్‌మత్‌లో ఎదురుతిరిగారు. ఆ ఏడే దాన్ని రద్దు చేశారు.

పరేడ్‌లో చాలామంది కవాతు వీడియో తీసుకుని తృప్తిపడతారు. మా మాట వింటే, తనిఖీ జరుగుతున్నంతసేపూ ఫోను జేబులో పెట్టి దుస్తులు చూడండి. డ్యూక్ వంశం ముర్రేలది. వాళ్ళ ‘ముర్రే ఆఫ్ అథోల్’ గళ్ళ బట్టలో నీలం, ఆకుపచ్చ, నలుపు మీద సన్నటి ఎర్ర గీతలుంటాయి. టోపీలో జునిపర్ రెమ్మ ముర్రేల వంశ చిహ్నం. సరైన కిల్టుకు సుమారు 8 గజాల ఉన్నిబట్ట పడుతుంది, అంటే మన చీరకంటే ఎక్కువే. కుచ్చిళ్ళన్నీ వెనకే ఉంటాయి. సైనిక పద్ధతిలో ప్రతి కుచ్చిలి మధ్యకూ ఒకే గీత వచ్చేలా కుడతారు. అందుకే నిలబడితే వెనక నిలువు చారలు కనిపిస్తాయి, నడిస్తే కుచ్చిళ్ళు విచ్చుకుని దాగిన రంగులు మెరుస్తాయి. మామూలు జనం కిల్టుల్లో ఎక్కువగా ముందున్న గళ్ళే వెనకా కొనసాగేలా కుడతారు. తేడా పట్టుకోవడానికి వెనక వరుస వైపు నిలబడటం మేలు.

రైలు దిగేది బ్లెయిర్ అథోల్ స్టేషన్లో. అక్కణ్ణుంచి కోట పది నిమిషాల నడక. అయితే పెర్త్ మీదుగా ఇన్వర్‌నెస్ వెళ్ళే రైళ్ళన్నీ ఇక్కడ ఆగవు, ఆదివారం మరీ తక్కువ. తిరుగు రైలు చూసుకోకుండా బయల్దేరితే ఇబ్బంది పడేది ఇక్కడే. బసకు ఏడు మైళ్ళ దూరంలోని పిట్లోక్రీలో గదులు, తిండి దొరకడం సులువు. అయినా గది దొరికితే బ్లెయిర్ అథోల్‌లోనే దిగమంటాం. ఊరు చిన్నది, గదులు కొన్నే, కాబట్టి నెలల ముందే చూసుకోవాలి. గుడారం, కారవాన్ అలవాటున్నవాళ్ళకు కోట ఆవరణలోనే కారవాన్ పార్కు ఉంది. ఎడిన్‌బరో నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే పద్ధతి పరేడ్ ఒక్కటే చాలనుకునేవారికి సరిపోతుంది. కోట లోపలికీ తోటలకూ టికెట్లు వేరు, కొనేముందు ఏది దేనికో చదవండి. మే నెలాఖరున కూడా వాన, చలిగాలి మామూలే. గొడుగు వెనకవాళ్ళకు అడ్డం, రెయిన్‌కోటు తెచ్చుకోండి. హగ్గిస్ మామూలుగా మాంసంతో చేసే స్కాట్లాండ్ వంటకం, శాకాహారులకు మాంసం లేనిది కూడా చాలాచోట్ల దొరుకుతుంది. ఓట్స్, పప్పుధాన్యాలతో చేసేది, మిరియాల ఘాటుతో మన నోటికి నప్పుతుంది.

చూశాక కిల్టు కొనాలనిపించడం సహజం. ఎడిన్‌బరో రాయల్ మైల్ వీధి దుకాణాల్లో చవగ్గా వేలాడేవి ఎక్కువగా సింథటిక్ బట్టవి, కుచ్చిళ్ళు నిలవవు. అసలుది కావాలంటే గజానికి 13 నుంచి 16 ఔన్సుల బరువుండే ఉన్నిబట్టతో కొలతకు కుట్టించుకోవాలి. వారాల పని అది, పోస్టులో తెప్పించుకునేలా మాట్లాడుకోండి. మోకాళ్ళ మీద కూర్చుంటే అంచు నేలకు అంగుళం పైన ఆగాలి. కిల్టు ముందు భాగంలో పెట్టుకునే పిన్నును పైపొరకే గుచ్చాలి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట చిరుగుతుంది. పెట్టెలో మడతపెట్టకండి, నిలువుగా చుట్టి పాత మేజోడులోకి దూర్చితే కుచ్చిళ్ళు చెదరవు. ఉన్నికి చిమ్మెట పడుతుంది, కాబట్టి మరకలు తీయించకుండా దాచొద్దు.

మే కుదరనివాళ్ళకు ఆగస్టు నాలుగో శనివారం అబర్డీన్‌షైర్ స్ట్రాత్‌డాన్‌లో లోనాక్ ఆటలున్నాయి. లోనాక్ హైలాండర్లు బల్లేలు పట్టుకుని పొద్దున్నే బయల్దేరి, దారిలోని ఇళ్ళ దగ్గర ఆగి విస్కీ పుచ్చుకుంటూ మైళ్ళ కొద్దీ నడిచి మధ్యాహ్నానికి మైదానం చేరతారు. నడవలేనివాళ్ళ కోసం వెనకాల గుర్రబ్బండి వస్తుంది. అక్కడికి రైలు లేదు, సొంత కారో అద్దె కారో ఉండాల్సిందే. అథోల్‌లో క్రమశిక్షణ చూస్తాం, లోనాక్‌లో ఊరు చూస్తాం. ఒక్కటే ఎంచుకోమంటే దుస్తుల కోసం అథోల్‌కే మా ఓటు.